పాత మారుతికి ఇంట్లోనే స్పార్క్ ప్లగ్గులు: మార్చండి, కానీ పాతవి చదివాకే పారేయండి

మా మారుతి 800 1996 నాటిది. నాన్న గుడివాడలో కొన్నారు. ఆయన పోయాక అమ్మను నా దగ్గరికి బెంగళూరు తెచ్చుకుంటున్నప్పుడు, కారు అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. అలా బీరువా, పూజ సామాను లారీలో, అమ్మ, నేను కారులో రామమూర్తి నగర్ చేరాం.

వచ్చిన మూడో నెలలో మిస్సింగ్, అంటే ఇంజిన్ మధ్యమధ్యలో మండడం తప్పడం, మొదలైంది. పొద్దున్నే, పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణికేది. సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్ నిలబడేది కాదు. కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జ్ ఎక్కేటప్పుడు సెకండ్ గేరులో కూడా లాగలేకపోయేది, వెనక హారన్లు. దగ్గర్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే అరగంటలో కొత్త ప్లగ్గులు వేసిచ్చారు. బండి హాయిగా నడిచింది. రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ అదే వణుకు. పాత ప్లగ్గులు చూపించమని అడిగితే అప్పుడే చెత్తలో వేసేశామన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాన్న గుర్తొచ్చారు. ఆదివారం పొద్దున అరుగు మీద పాత పేపరు పరిచి, తీసిన మూడు ప్లగ్గుల్ని ఒకటి, రెండు, మూడు అని వరుసగా పేర్చి, కళ్ళజోడు పైకి తోసి ఒక్కోదాన్నీ వెలుతురుకు పెట్టి చూసేవారు. "ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో మనం చూడలేమమ్మా, ఇవి చూసొచ్చి చెబుతాయి" అనేవారు. ఆ చెప్పేదేదో వినకుండా గ్యారేజీలో పారేశారు. అప్పటినుంచి ప్లగ్గుల పని నేనే చేసుకుంటున్నాను. మొదటిసారి గంటన్నర పట్టింది, ఇప్పుడు ముప్పావుగంట చాలు. స్పానర్ ఎప్పుడూ పట్టని వాళ్ళకు కూడా అర్థం కావాలని వివరంగా రాస్తున్నాను.

ముందు ప్లగ్గు చేసే పని. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. ఆ కరెంటు ప్లగ్గు కొనలో ఉన్న సన్నటి ఖాళీని దూకినప్పుడు నిప్పురవ్వ పుడుతుంది, పెట్రోలు గాలి మిశ్రమం అంటుకుంటుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కో ప్లగ్గు నిమిషానికి 1,500 సార్లు మండించాలి, అంటే సెకనుకు 25 సార్లు. అన్నిసార్లు నిప్పు రాలుస్తుంటే కొన అరుగుతుంది, ఖాళీ పెరుగుతుంది, దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాల్సి వస్తుంది. చల్లటి, తేమ ఉన్న పొద్దుటి పూట అది దొరకదు. డిసెంబరు ఉదయాల్లో బెంగళూరు పాత బళ్ళు మొరాయించడానికి ఇది ఒక కారణం. మామూలు నికెల్ కొన ఉన్న ప్లగ్గులైతే 15 వేల నుంచి 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చుకోవడం మంచిది.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ప్లగ్ స్పానర్, దాన్ని తిప్పడానికి టామీ రాడ్, ఖాళీ కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్, పాత టూత్‌బ్రష్, గుడ్డ, సైకిల్ పంపు, ఒక జానెడు పెట్రోలు రబ్బరు పైపు ముక్క. స్పానర్ సైజు జాగ్రత్త. మారుతి 800 లాంటి పాత బళ్ళ ప్లగ్గుకు ఆరు పలకల భాగం 20.8 మిల్లీమీటర్లు ఉంటుంది, షాపులో 21 నంబరు ప్లగ్ స్పానర్ అని అడిగితే ఇస్తారు. తర్వాతి తరం కార్లలో చాలావాటికి 16 వస్తుంది. స్పానర్ లోపల రబ్బరు రింగు ఉన్నదే తీసుకోండి. అది ప్లగ్గును పట్టి ఉంచుతుంది, పైకి తీసేటప్పుడు జారి పింగాణీ పగలదు.

ప్లగ్గులు నేను టౌన్ హాల్ వెనక జేసీ రోడ్డులో కొంటాను. నాన్న తరం వాళ్ళు ఉత్త ప్లగ్గు అనరు, మైకో ప్లగ్గు అంటారు. ఆ మైకో 1951లో మొదలైన కంపెనీ, దాని ఫ్యాక్టరీ ఇక్కడే ఆడుగోడిలో ఉండేది, 2008లో పేరు బాష్ లిమిటెడ్ అయింది. ఇప్పటికీ జేసీ రోడ్డులో "మైకోనా, ఎన్‌జీకేనా?" అని అడిగే పెద్దాయనలున్నారు. ఏది కొన్నా పర్వాలేదు, కానీ నంబరు మీ బండి పుస్తకంలో ఉన్నదే కావాలి. "ఇదీ అదే మేడమ్, అన్నిటికీ పడుతుంది" అంటే తీసుకోకండి.

ఆ నంబరులో ప్రతి అక్షరానికీ అర్థం ఉంది. ఎన్‌జీకే కంపెనీ బీపీఆర్6ఈఎస్ తీసుకుందాం. బీ అంటే 14 మిల్లీమీటర్ల త్రెడ్, 20.8 పలక. పీ అంటే లోపలి పింగాణీ ముక్కు కాస్త ముందుకు పొడుచుకు వచ్చింది. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. ఈ అంటే త్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. మధ్యలోని 6 వేడిని ఎంత త్వరగా బయటికి పంపుతుందో చెప్పే అంకె. ఆర్ సంగతి నాన్నకు రేడియో నేర్పింది. ఒకసారి ఆర్ లేని ప్లగ్గులు వేశారు. కారు రేడియోలో ఆకాశవాణి విజయవాడ వార్తలు పెడితే, ఇంజిన్ తిరిగినంతసేపూ చిటపటలే. ఆర్ ఉన్నవి వేయించాక గానీ వార్తలు వినపడలేదు.

వేడి అంకె దగ్గర చాలామంది పొరపడతారు. ఎన్‌జీకేలో అంకె పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లగా ఉంటుంది. బాష్‌లో సరిగ్గా తిరగేసి, అంకె పెరిగితే వేడి ప్లగ్గు. కాబట్టి ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి కొనకూడదు. నకిలీలు కూడా ఉంటాయి. అసలు ప్లగ్గుకు పింగాణీ మీద అచ్చు స్పష్టంగా ఉంటుంది, త్రెడ్ నున్నగా ఉంటుంది, చివరి వాషర్ వేలితో లాగితే ఊడిరాదు. వాషర్ చేతిలోకి వచ్చేస్తే ఆ డబ్బా అక్కడే తిరిగిచ్చేయండి.

ఇక పని. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. ప్లగ్గు బిగిసే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, అల్యూమినియం, ప్లగ్గు ఇనుము. వేడి మీద విప్పితే మెత్తటి అల్యూమినియం త్రెడ్ ప్లగ్గుతో పాటు గీసుకుని వస్తుంది. రాత్రి నిలిపిన బండిని తెల్లారి విప్పడం మేలు. తాళం తీసేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి, బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. కొన్ని బళ్ళలో తాళం తీసినా రేడియేటర్ ఫ్యాను తిరగొచ్చు. చున్నీ, చీర కొంగు నడుముకు బిగించి దోపుకోండి. గాజులు, ఉంగరం, లోహపు గడియారం తీసి లోపల పెట్టి రండి.

బానెట్ ఎత్తి, లావాటి నల్ల వైర్లు, కరెంటును వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ఎటు పోతున్నాయో చూపుతో వెంబడించండి. మారుతి 800కు మూడు సిలిండర్లు, కాబట్టి మూడు వైర్లు మూడు ప్లగ్గులకు వెళ్తాయి. నాలుగోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మధ్యకు వచ్చేది, దాన్ని ముట్టుకోవద్దు. ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మూడు వైర్లనూ ఒకేసారి పీకకండి. ఈ ఇంజిన్ మండే వరుస 1-3-2. రెండు వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ కాదు, లేదా దగ్గుతూ పేలుతుంది. ఒక ప్లగ్గు పని పూర్తిగా ముగించి, దాని వైరు పెట్టేశాకే రెండోదానికి వెళ్ళండి.

వైరును వైరు పట్టుకుని లాగకూడదు. చివర రబ్బరు క్యాప్‌ను గట్టిగా పట్టుకుని, అటు ఇటు కొంచెం మెలితిప్పి, నేరుగా బయటికి లాగండి. వైరు పట్టి లాగితే లోపలి తీగ తెగుతుంది, బయటికి ఏమీ కనపడదు, మిస్సింగ్ మాత్రం మొదలవుతుంది. క్యాప్ తీయగానే స్పానర్ పెట్టాలనిపిస్తుంది, ఆగండి. ప్లగ్గు చుట్టూ ఏళ్ళ దుమ్ము పేరుకుని ఉంటుంది, బెంగళూరులో ఎర్రమట్టి కూడా. ప్లగ్గు తీసిన క్షణం అదంతా సిలిండర్లో పడుతుంది. టూత్‌బ్రష్‌తో కదిపి, సైకిల్ పంపుతో గట్టిగా నాలుగైదు సార్లు ఊదండి. మా అబ్బాయికి ఇష్టమైన పని ఇది, పంపు వాడే కొడతాడు. కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకోమని చెప్పండి.

స్పానర్‌ను ప్లగ్గు మీద నిటారుగా, పూర్తిగా దిగేదాకా కూర్చోబెట్టి, గడియారం ముళ్ళకు ఎదురు దిక్కులో తిప్పండి. మొదట ఒక్కసారి టక్కుమని వదులుతుంది, ఆ తర్వాత చేత్తోనే వచ్చేయాలి. వదిలాక కూడా మధ్యలో బిగుతుగా తగులుతుంటే బలం పెట్టొద్దు. మా బండికి ఆ గ్యారేజీలో మూడో ప్లగ్గును పొడవాటి రాడ్డు పెట్టి ఎంత బిగించారో, నాకు కదల్లేదు. తుప్పు వదిలించే నూనె ప్లగ్గు మొదట్లో నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేశాను. మర్నాడు కాస్త వదులు చేసి మళ్ళీ కాస్త బిగించి, మళ్ళీ వదులు చేసి, ఇలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ పావుగంట పట్టింది. అంత ఓపిక చూపినా రాకపోతే అక్కడితో ఆపి లేత్ పని తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. హెడ్‌లో త్రెడ్ పోతే ఖర్చు వందల్లో తేలదు.

తీసిన ప్లగ్గును పేపరు మీద పెట్టి పక్కన 1, 2, 3 అని స్కెచ్ పెన్నుతో రాయండి. ఇప్పుడు చదవడం.

కొన దగ్గరి పింగాణీ ముక్కును పగటి వెలుతురులో చూడండి. లేత గోధుమరంగు, మేరీ బిస్కట్ రంగు, లేదా బూడిద కలిసిన గోధుమరంగు ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. నల్లగా, పొడిగా, వేలికి మసిలా అంటుకుంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అన్నమాట. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా వెనక్కి పోకపోయి ఉండొచ్చు, స్పార్క్ బలహీనంగా ఉండొచ్చు. నల్లగా ఉండి జిడ్డుగా, తడిగా మెరుస్తుంటే అది ఇంజిన్ ఆయిల్. వాల్వ్ సీళ్ళు గానీ పిస్టన్ రింగులు గానీ అరిగాయి. దానికి ప్లగ్గు మార్చడం మందు కాదు. తెల్లగా సున్నం కొట్టినట్టు, పొక్కులు వచ్చినట్టు ఉంటే ఆ ప్లగ్గు మితిమీరి వేడెక్కుతోంది. పెట్రోలు తక్కువ వెళ్తుండొచ్చు, ఇంజిన్ వేడెక్కుతుండొచ్చు, లేదా తప్పు నంబరు ప్లగ్గు వేశారు. ఇది కనిపిస్తే దూర ప్రయాణం పెట్టుకోకండి, పిస్టన్‌కే ప్రమాదం. ఇక పింగాణీ రంగు బాగుండి, మధ్య కొన మాత్రం పలక అంచులు పోయి గుండ్రంగా అరిగి ఉంటే అది సహజంగా వయసైపోయిన ప్లగ్గు.

మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చడం మరీ ముఖ్యం. ఒక్కటే తేడాగా ఉంటే ఆ ఒక్క సిలిండర్‌లోనో, దాని వైరులోనో లోపం. మూడూ ఒకేలా చెడితే లోపం అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్, ఎయిర్ ఫిల్టర్, కాయిల్ వైపు ఉంటుంది.

నేను మొదటిసారి తీసినప్పుడు మూడూ ఒకేలా నల్లటి పొడి మసితో వచ్చాయి. రెండు నెలల నాటి కొత్త ప్లగ్గులవి. పేపరు ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. గుడివాడలో ఇదే బండికి బిస్కట్ రంగు వచ్చేది, నా కళ్ళతో చూశాను. బండి అదే, పెట్రోలు అదే. మారింది ఊరు. గుడివాడ ఇంచుమించు సముద్రమట్టానికి ఉంటుంది, బెంగళూరు 900 మీటర్ల పైన. ఇక్కడ గాలి దాదాపు పదో వంతు పలచన. కార్బ్యురేటర్‌కు అది తెలియదు, కింద అలవాటైన కొలతలోనే పెట్రోలు పోస్తుంది. గాలి తగ్గి పెట్రోలు అంతే ఉంటే మసి పడుతుంది. దానికి తోడు ఇక్కడి ట్రాఫిక్. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీల వేడి దాటితేనే దాని మీది మసిని అదే కాల్చేసుకుంటుంది. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఫస్ట్ గేరులో ముప్పావుగంట పాకుతుంటే ఆ వేడి ఎక్కడినుంచి వస్తుంది?

అప్పుడు కార్బ్యురేటర్ పని బాగా తెలిసిన ఒక పెద్దాయనకు ఆ పేపరుతో సహా మూడు ప్లగ్గులు తీసుకెళ్ళి చూపించాను. ఆయన ఇంజిన్ శబ్దం కూడా వినలేదు, ప్లగ్గులు చూసి తల ఊపారు. ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఐడ్లింగ్ మిక్చర్ స్క్రూ సరిచేశారు. ఆ తర్వాత ప్లగ్గులు రెండు నెలలకు చెడడం ఆగింది. ఊళ్ళనుంచి కార్బ్యురేటర్ బండిని బెంగళూరు తెచ్చుకునే మనవాళ్ళు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి. విజయవాడ, నెల్లూరు, కాకినాడ, ఎక్కడినుంచి తెచ్చినా ఇదే. కార్బ్యురేటర్ లేని ఎంపీఎఫ్ఐ బళ్ళకు ఈ బాధ లేదు, గాలిని కొలుచుకుని కంప్యూటరే పెట్రోలు తగ్గిస్తుంది.

కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీశాక గ్యాప్, అంటే కొనల మధ్య ఖాళీ, కొలవాలి. నా బండికి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, మీది మీ పుస్తకంలో చూడండి. ఫీలర్ గేజ్‌లో ఆ మందం రేకు తీసి రెండు కొనల మధ్య పెడితే, కొంచెం రాసుకుంటూ జారాలి. వదులుగా ఉంటే పక్క కొనను చెక్క మీద మెల్లగా తట్టి దగ్గరికి తేండి. మధ్య కొనను మాత్రం ఎప్పుడూ వంచకూడదు, పింగాణీ చిట్లుతుంది. ఇరీడియం ప్లగ్గులైతే గ్యాప్ జోలికే పోవద్దు, వాటి కొన సూదంత సన్నం.

బిగించేటప్పుడు స్పానర్‌తో మొదలుపెట్టకండి. రబ్బరు పైపు ముక్కను ప్లగ్గు తల మీద తొడిగి, దాంతో ప్లగ్గును రంధ్రంలో ఉంచి వేళ్ళతో తిప్పండి. త్రెడ్ వంకరగా పడితే పైపే జారిపోతుంది, హెడ్ పాడవదు. సాఫీగా చివరిదాకా తిరిగి ఆగాక పైపు తీసేసి, స్పానర్‌ను రాడ్డు లేకుండా చేత్తో పట్టుకుని వాషర్ ఆనేదాకా తిప్పండి. అక్కడినుంచి కొత్త ప్లగ్గైతే రాడ్డుతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, అంతే. ఆ తిప్పులో కొత్త వాషర్ నలుగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. పాత ప్లగ్గే శుభ్రం చేసి తిరిగి పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి గడియారంలో ఒక గంట దూరం తిప్పితే చాలు. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే అల్యూమినియం హెడ్‌లో ఈ 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. త్రెడ్‌కు గ్రీజు, నూనె రాయకండి. రాస్తే జారుడు ఎక్కువై, తెలియకుండానే అతిగా బిగిస్తాం.

క్యాప్ తిరిగి పెట్టేటప్పుడు టిక్కుమని కూర్చున్న స్పర్శ వేలికి తెలియాలి. సగమే దిగిన క్యాప్ వల్ల "కొత్త ప్లగ్గులేసినా మిస్సింగ్ పోలేదు" అని బాధపడే వాళ్ళను చూశాను. మూడూ అయ్యాక బ్యాటరీ వైరు బిగించి స్టార్ట్ చేయండి. ఐడ్లింగ్‌లో రెండు నిమిషాలు వదిలి, చేయి బానెట్ అంచు మీద పెట్టండి, వణుకు పోయిందో లేదో అరచేతికి తెలుస్తుంది. ఇంకా మిస్సింగ్ ఉంటే చీకటి పడ్డాక బానెట్ ఎత్తి, దూరంగా నిలబడి, నడుస్తున్న ఇంజిన్ వైర్ల మీద చూడండి. నీలిరంగు మెరుపులు పాకుతుంటే వైర్లు పోయాయి. నడుస్తున్న ఇంజిన్‌కు ఒక్కో క్యాప్ పీకి ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకునే పద్ధతి కొందరు మెకానిక్‌లు చూపిస్తారు. ఇంట్లో ఎవరూ చేయకండి, ఆ షాక్ మామూలుది కాదు.

తర్వాతి కార్లలో చాలావాటికి వైర్లు ఉండవు, ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ కూర్చుని ఉంటుంది. కనెక్టర్ లాక్ నొక్కి తీసి, కాయిల్ బోల్టు విప్పి, కాయిల్‌ను నిటారుగా పైకి లాగితే అడుగున ప్లగ్గు. లోతుగా ఉంటుంది కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ కావాలి. మిగతాదంతా పైన చెప్పినట్టే.

నేను తీసిన ప్రతి సెట్టునూ తేదీ, మీటర్ రీడింగ్ రాసి నాన్న వాడిన స్టీలు డబ్బాలో పెడుతున్నాను. మొన్న ఆదివారం మళ్ళీ మార్చాను. అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి పేపరు మీదికి వంగి చూసి, "మీ నాన్న తీసినట్టే ఉన్నాయే" అంది. ఒకటి, మూడు చక్కటి బిస్కట్ రంగు. రెండోదాని అంచున మాత్రం సన్నటి నూనె తడి కనిపించింది, వేలితో రుద్దితే జిడ్డుగా తగిలింది. వాల్వ్ సీలు అయి ఉండొచ్చు. 3,000 కిలోమీటర్లు తిరిగాక ఆ ఒక్కదాన్ని మళ్ళీ తీసి చూస్తాను. అప్పటిదాకా వారానికోసారి ఆయిల్ పుల్ల తీసి మట్టం చూస్తున్నాను.